మాల్ గీసిన ఆర్కిటెక్ట్ కెరీర్‌ని ఎలా చదవాలి: విక్టర్ గ్రూయెన్ మీద ఒక ప్రాక్టీస్

విక్టర్ గ్రూయెన్ పేరు కొట్టి వెతికితే ఎక్కడ చూసినా ఒకటే కథ. వియన్నాలో పుట్టిన యూదు ఆర్కిటెక్ట్, అమెరికా పారిపోయి షాపింగ్ మాల్‌కి మూలపురుషుడయ్యాడు, జనం కలిసే చోటు కడదామనుకున్నాడు, ఆ మాల్సే ఊళ్ళ నడిబొడ్డుని ఖాళీ చేసేశాయి, ఆఖరికి వాటికీ నాకూ సంబంధం లేదని చేతులు దులిపేసుకుని వియన్నా వెళ్ళిపోయాడు. కథలో అబద్ధం పెద్దగా లేదు. కానీ అది చదివాక కూడా ఆయన అసలేం గీశాడు, డబ్బులెవరు పెట్టారు, గీసినదాంట్లో ఎంత కట్టారు అని అడిగితే నోట మాట రాదు.

అందుకే ఇది. కాలేజీ ప్రాజెక్టు కోసమో, వ్యాసం కోసమో, ఊరికే సరదాకో ఒక ఆర్కిటెక్ట్ కెరీర్‌ని కూర్చుని చదవాలనుకునేవాళ్ళకి. గ్రూయెన్‌నే ఉదాహరణగా తీసుకుందాం, ఎందుకంటే తొలి మాల్స్ అన్నాక ఆయన్ని దాటుకుని పోలేం. నా పక్షపాతం ముందే చెప్పేస్తాను: బిల్డింగ్ ముందు నుంచి తీసిన ఫోటో కంటే పార్కింగ్ ప్లాన్ ఎక్కువ చెప్తుంది, ఆర్కిటెక్ట్ ఇచ్చిన ఉపన్యాసం కంటే క్లయింట్ ఎవరన్నది ఎక్కువ చెప్తుంది.

ముందు పేర్లూ తేదీలూ తేల్చుకోండి

బోరింగే, కానీ ఇది చేయకపోతే తర్వాత అంతా గందరగోళం. గ్రూయెన్ 1903 జులై 18న వియన్నాలో పుట్టినప్పుడు పేరు విక్టర్ గ్రూన్‌బామ్. 1938కి ముందు వియన్నాలో చేసిన షాపులూ ఫ్లాట్ల రీమోడలింగులూ ఆ పేరు మీదే ఉంటాయి, కాబట్టి ఒక్క గ్రూయెన్ అనే వెతికితే సగం జీవితం కనపడదు. అమెరికా వచ్చాక భార్య, డిజైనర్ ఎల్సీ క్రుమెక్‌తో కలిసి 'గ్రూయెన్ అండ్ క్రుమెక్' పేరుతో పనిచేశాడు. 1951 నుంచి 'విక్టర్ గ్రూయెన్ అసోసియేట్స్'. 1968లో ఆయన పక్కకి తప్పుకున్నా ఆఫీసు ఆగలేదు, గ్రూయెన్ పేరుతోనే నడిచింది. ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. లాస్ ఏంజెలెస్ పక్కన వెస్ట్ హాలీవుడ్‌లో నీలం గాజుతో కనిపించే పసిఫిక్ డిజైన్ సెంటర్ 1975 నాటిది, ఆఫీసు గ్రూయెన్ పేరు మీదిదే, కానీ డిజైన్ సీజర్ పెల్లీది. అప్పటికి గ్రూయెన్ వియన్నాలో ఉన్నాడు.

తేదీల దగ్గర ఇంకో తిరకాసు. ఒక్కో ప్రాజెక్టుకి ఎప్పుడు అనుకున్నారు, ఎప్పుడు ప్రకటించారు, ఎప్పుడు తెరిచారు అని మూడు తేదీలుంటాయి, ఎవరికి తోచింది వాళ్ళు వాడేస్తుంటారు. డెట్రాయిట్ హడ్సన్స్ డిపార్ట్‌మెంట్ స్టోర్ వాళ్ళ కోసం గ్రూయెన్ ముందు అనుకున్నది ఈస్ట్‌లాండ్ షాపింగ్ సెంటర్, కానీ ముందు తెరుచుకున్నది 1954లో నార్త్‌లాండ్, ఈస్ట్‌లాండ్ 1957కి గానీ రాలేదు. మినియాపొలిస్ దగ్గరి సౌత్‌డేల్ మాల్‌ని 1952లో ప్రకటించి 1956 అక్టోబర్ 8న తెరిచారు. తెరిచిన తేదీల్ని మాత్రమే వరసగా రాసుకుంటే ఆయన ఆలోచన ఏ క్రమంలో ఎదిగిందో తలకిందులుగా కనిపించే ప్రమాదం ఉంది. మీ నోట్స్‌లో మూడు కాలమ్స్ పెట్టుకోండి, తెలియని గడి ఖాళీగా వదిలేయండి, అంతే.

మొదటి చిన్న పని దగ్గర తొందరపడకండి

పెద్ద మాల్స్ దగ్గరికి ఎగిరిపోవాలని అనిపిస్తుంది. ఆగండి. గ్రూయెన్ కెరీర్ తాళంచెవి 1939లో న్యూయార్క్ ఫిఫ్త్ ఎవెన్యూలో చేసిన ఒక చిన్న తోలు వస్తువుల షాపులో ఉంది. లెడరర్ అనే షాపు. ఆస్ట్రియాని హిట్లర్ కలిపేసుకున్న ఏడాదే, 1938లో, ఆయన అమెరికాలో దిగాడు. జేబులో 8 డాలర్లే ఉన్నాయని తర్వాత తనే చెప్పుకునేవాడు. కొన్నాళ్ళు 1939 న్యూయార్క్ వరల్డ్స్ ఫెయిర్ అనే పెద్ద ప్రదర్శన పనుల్లో డ్రాఫ్ట్స్‌మన్‌గా చేశాడు. అమెరికాలో లైసెన్స్ లేదు కాబట్టి లెడరర్ షాపుని మోరిస్ కెచమ్ అనే ఆర్కిటెక్ట్‌తో కలిసి చేశాడు.

ఆ షాపు ఫోటో ఎదురుగా పెట్టుకుని చూడండి. మామూలు షాపైతే ఫుట్‌పాత్ అంచున అద్దం, అద్దం వెనక సరుకు, పక్కన తలుపు. ఇక్కడ షాపు ముందుభాగాన్నే లోపలికి నెట్టేశాడు. రోడ్డుకీ తలుపుకీ మధ్య చిన్న మండపం లాంటి ఖాళీ వచ్చింది, అందులో గాజు పెట్టెల్లో బ్యాగులు, పైనుంచి లైట్లు. దారిన పోయే మనిషి అవి చూస్తూ నాలుగడుగులు వేస్తాడు, తలెత్తేసరికి ఫుట్‌పాత్ వెనకపడిపోయింది, తలుపు ఎదురుగా ఉంది. షాపులోకి 'వెళ్ళాలా' అని నిర్ణయం తీసుకునే క్షణాన్నే మాయం చేశాడన్నమాట. దీనికోసం అమ్ముకోగలిగే ఫిఫ్త్ ఎవెన్యూ జాగా కొంత వదులుకోమని యజమానిని ఒప్పించాడు, అది మామూలు విషయం కాదు.

ఇప్పుడు దీన్ని 1956 నాటి సౌత్‌డేల్ నడిమధ్య తోట పక్కన పెట్టండి. అమ్మకానికి పనికొచ్చే చోటుని 'వృథాగా' వదిలి, ఆ వదిలిన చోటు వల్లే అమ్మకాలు పెంచడం. సైజు మారింది, కిటుకు అదే. ఏ ఆర్కిటెక్ట్ విషయంలోనైనా ఈ పని చేయండి: మొదటి పనిలో కనిపించిన కిటుకు ఒకటి పట్టుకుని అది ఎంత దూరం ప్రయాణించిందో చూడండి. దొరక్కపోతే దొరకలేదు, బలవంతంగా అతికించొద్దు.

మధ్యలో లాస్ ఏంజెలెస్ దశ ఒకటుంది. గ్రేసన్స్ అనే బట్టల షాపుల చెయిన్‌కి పనిచేసినప్పుడు చూసే మనిషి మారిపోయాడు. నడిచేవాడు కాదు, కారులో పోయేవాడు. ముఖభాగాలు పెద్దవయ్యాయి, వెలుగులు పెరిగాయి. 1949లో వెస్ట్‌చెస్టర్ ప్రాంతంలో కట్టిన మిల్లిరన్స్ స్టోర్‌కి కార్లని ఏకంగా మిద్దె మీదికి ఎక్కించాడు, వెనకవైపు ఒకదాన్నొకటి దాటుకునే రెండు ర్యాంపులతో. రోడ్డువైపు షో విండోల్ని కూడా వచ్చే కార్ల దిక్కుకి ఏటవాలుగా తిప్పాడు. మాల్ పుట్టడానికి ముందు మెట్టు ఇదే, కానీ దీన్ని ఎవరూ పట్టించుకోరు.

ప్లాన్‌ని చూసి మూడు ప్రశ్నలు వేయండి

ఈ వ్యాసంలో ఒక్క భాగమే చదివే ఓపిక ఉంటే ఇది చదవండి. షాపింగ్ సెంటర్ ప్లాన్ దొరకగానే అందం సంగతి పక్కనపెట్టి అడగండి: కారు ఎక్కడ ఆగుతుంది, మనిషి ఎంత దూరం నడుస్తాడు, సరుకు ఏ దారిన వస్తుంది.

వరసగా మూడింటి మీద ప్రయత్నిద్దాం. మొదటిది గ్రూయెన్‌ది కాదు, పోలిక కోసం. సియాటిల్‌లో 1950లో తెరిచిన నార్త్‌గేట్, ఆర్కిటెక్ట్ జాన్ గ్రాహమ్ జూనియర్, తర్వాత ఆ ఊళ్ళోనే స్పేస్ నీడిల్ టవర్‌లో కూడా చేయి ఉన్నవాడు. ప్లాన్ చూస్తే చాలా సాదా: ఎదురెదురుగా రెండు బారు వరసల షాపులు, మధ్యలో కార్లు రాని పొడవాటి నడకదారి, పైకప్పు లేదు, పెద్ద డిపార్ట్‌మెంట్ స్టోర్ ఒకటి, చుట్టూ కార్లు. సరుకు లారీలు కింద సొరంగంలోంచి వస్తాయి. ఇంతే. అందం విషయంలో పెద్ద మార్కులు పడవు గానీ, కార్లనీ మనుషులనీ లారీలనీ విడదీయడం ఇందులో అప్పటికే జరిగిపోయింది.

రెండోది డెట్రాయిట్ పక్కన సౌత్‌ఫీల్డ్‌లో నార్త్‌లాండ్, 1954 మార్చిలో తెరిచారు. ఇక్కడ కూడా పైకప్పు లేదు. కానీ ప్లాన్ పూర్తిగా వేరు. హడ్సన్స్ స్టోర్ నడిమధ్యలో, దాని చుట్టూ విడివిడి షాపుల బ్లాకులు, బ్లాకుల మధ్య ఒక్కోటీ ఒక్కో సైజులో ఉండే ఖాళీ జాగాలు. ఒక జాగా ఇరుకు, ఇంకోటి విశాలం, ఒకచోట నీళ్ళు, ఇంకోచోట శిల్పం. అంటే ఏ వైపు కారు ఆపినా ముందు చిన్న షాపుల మధ్యలోంచి నడిచి హడ్సన్స్ చేరాలి. చిన్న షాపుల అద్దె నిలబడేది ఆ నడక మీదే. ఫోటోల్లో మీకు బెంచీలూ పూలూ కనిపిస్తాయి, ప్లాన్‌లో మాత్రం ఎవరి ముందు నుంచి ఎవరు నడుస్తారన్న లెక్క కనిపిస్తుంది. రెండూ నిజమే. వియన్నా వీధుల మీద బెంగ ఉన్న మనిషే ఆ లెక్క కూడా వేశాడు.

మూడోది సౌత్‌డేల్. మినియాపొలిస్ శివారు ఎడైనాలో. దీని దగ్గర కాసేపు ఆగుదాం, అడుగడుగునా చూద్దాం.

కారు దిగారనుకోండి. బిల్డింగ్ చుట్టూ 5,200 కార్ల పార్కింగ్. ఆ నేల చదునుగా లేదు, కావాలనే వాలుగా చేశారు, అందువల్ల కొన్ని పార్కింగుల నుంచి తిన్నగా కింది అంతస్తులోకి వెళ్తారు, కొన్నిటి నుంచి తిన్నగా పై అంతస్తులోకి. ఇది ఎందుకంత ముఖ్యమంటే, మామూలుగా పై అంతస్తు షాపు అంటే జనం ఎక్కరు, అద్దె తక్కువ. ఇక్కడ రెండు అంతస్తులూ నేల అంతస్తులే, కాబట్టి రెండింటికీ మంచి అద్దె. రెండు అంతస్తులు పెట్టడం వల్ల బిల్డింగ్ పొడవు తగ్గింది, నడక తగ్గింది, కప్పు వేయాల్సిన విస్తీర్ణం కూడా తగ్గింది.

లోపలికి వస్తే గార్డెన్ కోర్ట్, అంటే నడిమధ్య తోట ఆవరణ. ఎత్తైన కప్పు, పైన పక్కల నుంచి పగటి వెలుగు, ఎస్కలేటర్లు, చెట్లు, పిట్టల పంజరం, కాఫీ తాగే చోటు, హ్యారీ బెర్టోయా చేసిన లోహపు చెట్లు. ఏడాది పొడవునా 24 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంచిన గాలి. మిన్నెసోటాలో షాపింగ్‌కి వాతావరణం అనుకూలంగా ఉండేది ఏడాదికి 126 రోజులే అని అప్పట్లో ఒక లెక్క చెప్పేవాళ్ళు, కప్పు వేయడానికి అదే సాకు. సాకు అని ఎందుకంటున్నానంటే, కప్పు వేయడం వల్ల ఇంకో లాభం ఉంది, దాని గురించి తక్కువ మాట్లాడతారు. కోర్టు వైపు చలీ వానా లేనప్పుడు ఒక్కో షాపుకీ గట్టి గోడా తలుపూ విడి హీటింగూ అవసరం లేదు. షాపు ముఖం బార్లా తెరిచి పెట్టొచ్చు. లెడరర్ గుర్తుందిగా, అక్కడ తలుపుని లోపలికి నెట్టాడు, ఇక్కడ తలుపే తీసేశాడు.

తర్వాత, ఒకే కప్పు కింద డేటన్స్, డొనాల్డ్‌సన్స్ అని పోటీ డిపార్ట్‌మెంట్ స్టోర్లు రెండు. పోటీవాణ్ణి పక్కన కూర్చోబెట్టుకోవడం అప్పటికి వింతే. కానీ ప్లాన్‌లో చూస్తే అర్థమవుతుంది, రెండు పెద్ద స్టోర్లు ఉంటే జనం వాటి మధ్య తిరుగుతారు, మధ్యలో ఉన్న చిన్న షాపులకి పండగ. నార్త్‌లాండ్‌లో నడక అంతా ఒకే కేంద్రానికి చేరేది, ఇక్కడ అటూ ఇటూ తిరుగుతుంది. ఆ తర్వాత వందల మాల్స్ ఈ రెండోదాన్నే పట్టుకున్నాయి, నార్త్‌లాండ్ మోడల్‌ని పెద్దగా ఎవరూ తీసుకోలేదు. నాకైతే నార్త్‌లాండే మంచి డిజైన్ అనిపిస్తుంది, కానీ మార్కెట్ వేరేగా తీర్పు చెప్పింది.

లారీలు? కింద, నేలమాళిగ రోడ్డులో. పైన తిరిగేవాళ్ళకి ఒక్క అట్టపెట్టె కూడా కనపడదు.

ఇదే వరసలో మీకు నచ్చిన వేరే మాల్ ప్లాన్ తీసుకుని చేయండి. ప్లాన్ దొరక్కపోతే పాత ఏరియల్ ఫోటో చాలు, కనీసం మొదటి ప్రశ్నకి జవాబు అందులోనే ఉంటుంది.

క్లయింట్ జేబు వైపు చూడండి

తొలి మాల్స్‌ని కట్టించినవాళ్ళలో ముఖ్యులు రియల్ ఎస్టేట్ కంపెనీలు కాదు, ఊరి నడిబొడ్డున ఉన్న పెద్ద డిపార్ట్‌మెంట్ స్టోర్ల వాళ్ళు. డెట్రాయిట్‌లో హడ్సన్స్, మినియాపొలిస్‌లో డేటన్స్. వాళ్ళ కస్టమర్లు శివార్లకి ఇళ్ళు మార్చేస్తున్నారు. వాళ్ళ వెనక వెళ్ళాలి, కానీ ఒక్క స్టోరే కట్టుకుంటే చుట్టూ ఎవరెవరో చిన్న షాపులు పెట్టి, వీళ్ళ కోసం వచ్చిన జనాన్ని ఫ్రీగా వాడుకుంటారు. అందుకే చుట్టుపక్కల నేలంతా మన చేతిలోనే ఉంచుకుందాం అనే ఆలోచన గ్రూయెన్‌కీ నచ్చింది, వాళ్ళకీ నచ్చింది. కారణాలు మాత్రం వేరు. ఆయనకి మొత్తం ప్లానింగ్ ఒక్కచోట చేసే అవకాశం, వాళ్ళకి పెరగబోయే భూమి రేటు.

డేటన్స్ సౌత్‌డేల్ కోసం 460 ఎకరాలకి పైగా కొన్నది. మాల్‌కి అంత అక్కర్లేదు. మిగతా జాగాలో ఇళ్ళు, ఫ్లాట్లు, స్కూలు, పార్కు, సరస్సు, వైద్య కేంద్రం అని గ్రూయెన్ బొమ్మ గీశాడు. మాల్ అద్భుతంగా నడిచింది, చుట్టూ నేల రేటు పెరిగింది, ఆ నేల ముక్కలు ముక్కలుగా ఎవరికి తోచిన కట్టడానికి వాళ్ళకి పోయింది. గీసిన ఊరు రాలేదు. తర్వాత ఆయన మాల్స్ చుట్టూ ఉన్న పార్కింగ్ సముద్రాల మీద పడి తిట్టాడు, కానీ ఆ సముద్రం ఆయన ప్లాన్‌లో మొదటి రోజు నుంచీ ఉంది, చుట్టూ రావాల్సిన ఊరు రాకపోయేసరికి అది ఒంటరిగా మిగిలిపోయి అంత వికారంగా కనిపించింది. గ్రూయెన్‌ని వెనకేసుకొచ్చేవాళ్ళూ తిట్టేవాళ్ళూ ఇద్దరూ ఈ చిన్న సంగతి వదిలేస్తారు.

క్లయింట్ తర్వాత ప్రభుత్వం. 1954లో అమెరికా పన్ను చట్టం మారి, కొత్త కమర్షియల్ బిల్డింగుల తరుగుదలని మొదటి ఏళ్ళలోనే ఎక్కువగా చూపించుకునే వీలు వచ్చింది. కాగితం మీద నష్టం, ఆ నష్టంతో వేరే ఆదాయం మీద పన్ను మిగులు. పాతదాన్ని బాగుచేయడం కంటే ఊరి బయట కొత్తది కట్టడం లాభం అయిపోయింది. 1956లో ఇంటర్‌స్టేట్ హైవేల చట్టం, ఖర్చులో 90 శాతం కేంద్రానిదే. ఇళ్ళ రుణాల విధానాల వల్లా, స్థలాల అమ్మకం ఒప్పందాల్లోని షరతుల వల్లా ఆ శివార్లు ఎక్కువగా తెల్లవాళ్ళవే, నల్లవాళ్ళకి తలుపులు మూసేసి ఉండేవి. ఇవేవీ ఆర్కిటెక్ట్ డ్రాయింగ్‌లో కనపడవు. కానీ ఇవి లేకుండా మాల్ అంత వేగంగా ఎందుకు పాకిందో చెప్పలేరు, మొత్తం పుణ్యమో పాపమో ఒక మనిషి నెత్తిన రుద్దేయాల్సి వస్తుంది.

కట్టనివాటి లిస్టు విడిగా రాయండి

గ్రూయెన్ విషయంలో ఈ లిస్టు చాలా విలువైనది. 1956లోనే, అంటే సౌత్‌డేల్ తెరిచిన ఏడాదే, టెక్సస్‌లోని ఫోర్ట్ వర్త్ డౌన్‌టౌన్‌కి ఒక ప్లాన్ ఇచ్చాడు. ఊరి మధ్యభాగం చుట్టూ రింగ్ రోడ్డు, దాని లోపలి అంచుల్లో 60,000 కార్లు పట్టే ఆరు పెద్ద గ్యారేజీలు, కార్లు అక్కడ ఆగిపోతాయి, లోపలంతా నడకే, సరుకు లారీలు భూమి కింద. పైన చెప్పిన మూడు ప్రశ్నలు దీనికీ వేసి చూడండి. నార్త్‌లాండ్‌లో ఇచ్చిన జవాబులే, ఈసారి ఊరికి. అసలే మాల్స్ మీదా పెద్ద ప్లానర్ల మీదా మంట ఉన్న, నగరాల మీద రాసే జేన్ జేకబ్స్ కూడా దీన్ని మెచ్చుకుంది. కట్టలేదు. ప్రైవేటు పార్కింగ్ గ్యారేజీల యజమానులు ఎదురుతిరిగారు, ప్రభుత్వ గ్యారేజీలకి కావాల్సిన చట్టం రాష్ట్ర శాసనసభలో గట్టెక్కలేదు.

సగం కట్టినవి ఇంకా ఆసక్తిగా ఉంటాయి. మిషిగన్‌లోని కలమజూకి కూడా రింగ్ రోడ్డుతో కలిపే ప్లాన్ ఇచ్చాడు. ఊరివాళ్ళు ఖర్చయ్యే భాగం వదిలేసి, మెయిన్ స్ట్రీట్‌లో కార్లు ఆపేసి 1959లో నడకవీధి చేశారు, అమెరికాలో ఇలాంటివాటికి ఇదే ముందు. కాలిఫోర్నియాలో ఫ్రెస్నో 1964లో ఫుల్టన్ మాల్ కట్టింది, ల్యాండ్‌స్కేప్ గ్యారెట్ ఎక్బో. కలమజూలో కొంత భాగానికి 1998లో మళ్ళీ కార్లు వచ్చాయి, ఫ్రెస్నోలో 2017లో. నడకవీధులు ఫెయిలయ్యాయని రాసేముందు ప్లాన్‌లో ఏ భాగం కట్టారో ఏది కట్టలేదో పక్కపక్కన పెట్టి చూడండి, తీర్పు మారొచ్చు, మారకపోవచ్చు కూడా, ఎందుకంటే అప్పటికి ఆ ఊళ్ళ కస్టమర్లని శివారు మాల్స్ ఎలాగూ లాగేశాయి. అలాంటి శివారు మాల్స్ గీసిన ఆఫీసుల్లో గ్రూయెన్‌ది కూడా ఒకటి. ఈ మెలిక ఆయన బతికుండగా విడిపోలేదు.

న్యూయార్క్ రాష్ట్రంలోని రాచెస్టర్‌లో 1962లో మిడ్‌టౌన్ ప్లాజా మాత్రం అనుకున్నట్టే ఊరి నడిబొడ్డున కట్టాడు. కప్పున్న మాల్, కింద కార్లు, పైన ఆఫీసులు. 2008లో మూసేసి తర్వాత కూల్చేశారు.

దొరికిన కథల్ని నమ్మే ముందు

'గ్రూయెన్ ట్రాన్స్‌ఫర్' అనే మాట మీకు కచ్చితంగా తగులుతుంది. ఏదో ఒకటి కొందామని వచ్చినవాడు మాల్‌లో దిక్కుతోచక తిరుగుతూ కనిపించిందల్లా కొనడం మొదలుపెట్టే క్షణమట. ఆ పేరు గ్రూయెన్ పెట్టింది కాదు, అలాంటి మాయని ఆయన సమర్థించనూ లేదు. సౌత్‌డేల్ ప్లాన్ మళ్ళీ తీయండి: నడిమధ్య ఒకే పెద్ద కోర్టు, ఎక్కడున్నా అది కనిపిస్తుంది, దారి తప్పడం కష్టం. దిక్కుతోచకుండా చేసే ప్లాన్లు లేవనడం లేదు, అవి వేరేవాళ్ళవి. అలాగని లెడరర్ షాపు గీసినవాడికి జనాన్ని లోపలికి లాగడం తెలియదని కూడా అనకండి.

రెండో ఉచ్చు 'మొట్టమొదటి'. దీనికి ముందు ఎన్ని విశేషణాలున్నాయో లెక్కపెట్టండి. కార్లతో వచ్చేవాళ్ళ కోసం ప్లాన్ చేసిన షాపింగ్ ప్రాంతం అంటే కాన్సస్ సిటీలో కంట్రీ క్లబ్ ప్లాజా 1920ల నుంచే ఉంది. కప్పున్న షాపుల వీధి అంటే మిలాన్‌లో మెంగోనీ కట్టిన గలేరియా 19వ శతాబ్దంలోదే, గ్రూయెన్‌కి అదంటే ఇష్టం కూడా. విస్కాన్సిన్‌లోని యాపిల్‌టన్‌లో వ్యాలీ ఫెయిర్ 1955లోనే కప్పుతో తెరిచామనేది. సౌత్‌డేల్‌కి నికరంగా చెప్పగలిగేది ఇది: పూర్తిగా మూసి, గాలి వేడీ చల్లదనం నియంత్రించి, రెండు పెద్ద డిపార్ట్‌మెంట్ స్టోర్లతో రెండు అంతస్తుల్లో కట్టిన ప్రాంతీయ మాల్స్‌లో మొదటిది. పొడుగ్గా ఉంది, కానీ నిలబడుతుంది.

మూడోది 1978లో లండన్‌లో ఆయన చేసిన ప్రసంగం. అక్రమ సంతానం లాంటి ఈ కట్టడాలకి భరణం కట్టనని అన్నాడు. అందరూ కోట్ చేస్తారు, కోపంగా ఉన్న ముసలాయన మాట కాబట్టి బాగా అతుక్కుంటుంది. వాడండి, కానీ అప్పటికి రెండేళ్ళ ముందే, 1976లో, వియన్నా దక్షిణ శివారులో షాపింగ్ సిటీ సూడ్ అనే పెద్ద మాల్ తెరిచారని కూడా పక్కనే రాయండి. తను పారిపోయి తిరిగొచ్చిన ఊరి పొలిమేరకే అది వచ్చింది. అదే సమయంలో ఆయన వియన్నా పాతబస్తీలో కార్లు తగ్గించే ప్రతిపాదనల మీద పనిచేశాడు, 1970ల్లో కెర్ట్‌నర్ స్ట్రాస్సె నడకవీధి అయ్యింది. ఆయన 1980 ఫిబ్రవరి 14న వియన్నాలోనే చనిపోయాడు.

ఆర్కిటెక్ట్ మాటల్లో 'జనం కలిసే చోటు', 'కొత్త టౌన్ స్క్వేర్' లాంటివి కనిపిస్తే కోర్టు తీర్పులు కూడా చూడండి, ఇది చాలామందికి తట్టదు. ఆరెగాన్‌లోని పోర్ట్‌లాండ్‌లో లాయిడ్ సెంటర్ అని జాన్ గ్రాహమ్ జూనియర్‌దే, 1960లో తెరిచారు. అక్కడ వియత్నాం యుద్ధానికి వ్యతిరేకంగా కరపత్రాలు పంచినవాళ్ళ కేసులో 1972లో అమెరికా సుప్రీంకోర్టు మాల్ ప్రైవేటు ఆస్తి, యజమాని ఆపొచ్చు అని తేల్చింది. 1980లో కాలిఫోర్నియా ప్రూన్‌యార్డ్ సెంటర్ కేసులో, మాల్‌లో తమ మాట చెప్పుకునేవాళ్ళకి రాష్ట్ర రాజ్యాంగం ఎక్కువ హక్కులిస్తే ఇవ్వొచ్చని అదే కోర్టు అంది. బెంచీలూ ఫౌంటెన్లూ ఎన్ని పెట్టినా అది ఎవరి చోటో ఈ రెండు తీర్పులు చెప్తాయి.

ఎవరి చేతిపనో రాసుకోండి

పెద్ద ఆఫీసు అంటే ఒక మనిషి కాదు. రుడాల్ఫ్ బామ్‌ఫెల్డ్ వియన్నా నుంచి ఉన్న స్నేహితుడు, ఎడ్గార్డో కొంటిని ఇంజినీరు, కార్ల్ వాన్ లూవెన్ ఇంకో భాగస్వామి. తర్వాత పేరుమోసిన ఆర్కిటెక్ట్ ఫ్రాంక్ గెహ్రీ కూడా కుర్రతనంలో ఈ ఆఫీసులో పనిచేశాడు. గ్రూయెన్ అసలు బలం క్లయింట్‌ని ఒప్పించడం, ఆలోచనని అమ్మడం. వియన్నాలో రాజకీయ క్యాబరే, అంటే చిన్న వేదికల మీద వ్యంగ్య నాటికల్లో, వేషాలు వేసిన మనిషి కదా. డ్రాయింగు మీద ఎవరి సంతకం ఉంది, పత్రికలో ఎవరి పేరు వచ్చింది, రెండూ వేరైతే రెండూ రాయండి. ఎల్సీ క్రుమెక్ పేరు 1951 తర్వాత వ్యాసాల్లోంచి ఎగిరిపోతుంది, తొలి షాపుల దగ్గర మాత్రం వదలకండి.

కాగితాలు కావాలంటే గ్రూయెన్ పత్రాలు వాషింగ్టన్‌లోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో కొన్ని, వయోమింగ్ యూనివర్సిటీలోని అమెరికన్ హెరిటేజ్ సెంటర్‌లో కొన్ని ఉన్నాయి. అంతదూరం వెళ్ళలేనివాళ్ళకి 1940లు, 50ల నాటి ఆర్కిటెక్చర్ పత్రికల పాత సంచికలు చాలావరకు పనికొస్తాయి, ప్లాన్లూ సెక్షన్లూ (నిలువుగా కోసినట్టు గీసిన బొమ్మలు) వాటిలోనే వచ్చేవి. మాల్ ప్రారంభం రోజు లోకల్ పత్రికలు వేసిన ప్రత్యేక అనుబంధాలు కూడా వెతకండి, ఏ షాపు ఎక్కడుందో అడ్వర్టైజ్‌మెంట్లతో సహా దొరుకుతుంది.

బిల్డింగ్ పోయినంత మాత్రాన పని ఆగదు. నార్త్‌లాండ్ 2015లో మూతపడింది. అక్కడ పిల్లలు ఎక్కి ఆడుకున్న 'బాయ్ అండ్ బేర్' అనే మార్షల్ ఫ్రెడరిక్స్ శిల్పం ఇప్పుడు సౌత్‌ఫీల్డ్ పబ్లిక్ లైబ్రరీలో ఉంది. ఇలా విడిపోయిన ముక్కలు ఎక్కడెక్కడికి చేరాయో చూస్తే, ఊరివాళ్ళు ఆ చోటులో దేన్ని తమదనుకున్నారో కొంత తెలుస్తుంది. సౌత్‌డేల్ ఇంకా నడుస్తోంది, చుట్టూ పార్కింగ్ జాగాలో ఇప్పుడు అపార్ట్‌మెంట్లు వచ్చాయి.

గ్రూయెన్‌తో చేయి తిరిగాక ఇదే పద్ధతిని గ్రాహమ్ మీదో, బోస్టన్ దగ్గర ఫ్రేమింగ్‌హామ్‌లో 1951లో షాపర్స్ వరల్డ్ చేసిన కెచమ్ మీదో పెట్టి చూడండి. కెచమ్ అయితే లెడరర్ షాపు నుంచే మొదలెట్టొచ్చు, అదే షాపు, ఇంకో మనిషి వైపు నుంచి.